పత్తిలో కారం

మా బ్రాంచి పొద్దున్న ఏడున్నరకే తెరుచుకునేది. బ్యాంకు నియమం అది కాదు, మా మేనేజరు గారి నియమం. డబ్బు లావాదేవీలు పది గంటలకే మొదలయ్యేవి గానీ తలుపులు, వరండాలో బెంచీలు, మంచినీళ్ళ కుండ, ఆయన కుర్చీ మాత్రం ఏడున్నరకల్లా సిద్ధంగా ఉండేవి. పొలానికి పోయేవాళ్ళు దారిలో ఒక్క నిమిషం ఆగాలని ఆయన పట్టుదల. "పదింటికి తెరిస్తే మనకి కనపడేది పని లేనివాళ్ళేనండీ. మనకి పనున్నవాళ్ళు కావాలి" అనేవారు.

వినడానికి బాగానే ఉంటుంది. గుంటూరులో ఐదింటికి లేచి, ప్రత్తిపాడు మీదుగా పోయే మొదటి బస్సు పట్టుకుని, కూరగాయల గంపలకీ పాల క్యాన్లకీ మధ్య ఒంటికాలి మీద నిలబడి వచ్చే నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఏడున్నరకి రమ్మని ఆయన ఎవరినీ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ ఊళ్ళోనే అద్దెకుంటున్నారు కాబట్టి తాళం కూడా ఆయనే తీసేవారు. కానీ మొదటి బస్సు ఎనిమిదింటికి దింపితే రెండోది పదిన్నరకి దింపేది. అందుకని నేను ఎనిమిదింటికే మొహం మాడ్చుకుని బ్రాంచిలో కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ బస్సు కోసమే నా ప్రాణం కొట్టుకుంటోంది.

అవి తొంభైల చివరి రోజులు. నాకింకా ముప్పై నిండలేదు. గుమాస్తా ఉద్యోగం, ముందు రాయాల్సిన ఆఫీసరు పరీక్ష. మేనేజరు గారికి యాభై దాటాయి. ప్రకాశం జిల్లా పొగాకు ఊళ్ళ నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ నాన్న సంతల్లో గాజులు అమ్మేవాడట. ఈ సంగతి దాచుకోకపోగా, కొత్తగా పరిచయమైన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. చెయ్యి చూడగానే గాజు సైజు తెలిసిపోవాలట. అడిగి తెలుసుకునేలోగా ఆ చెయ్యి పక్క దుకాణానికి వెళ్ళిపోతుందట. బ్యాంకు నడపడం కూడా అంతేనని ఆయన నమ్మకం. ఈ నమ్మకం ఉన్న మేనేజర్లను ఆ తర్వాత నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందిని కూడా చూడలేదు.

మా బ్రాంచి అప్పుడు చావుబతుకుల్లో ఉంది. పచ్చపురుగు వరసగా పత్తిని తినేయడంతో పంట అప్పులు మొండికేశాయి. నష్టాల్లో ఉన్న బ్రాంచీలను పక్క ఊళ్ళ పెద్ద బ్రాంచీల్లో కలిపెయ్యాలని గుంటూరులోని మా రీజనల్ ఆఫీసు ఒక జాబితా తయారు చేసిందని, అందులో మాది ఉందని అందరికీ తెలుసు. చుట్టుపక్కల బ్యాంకుల వాళ్ళందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. కొత్తగా అప్పివ్వకపోతే కొత్తగా మునిగేది ఉండదని వాళ్ళ ధీమా. మా మేనేజరు గారు మాత్రం "ఇవ్వకపోతే పోదు, నిజమే. రాదు కూడానండీ" అనేవారు.

శనివారం సగంపూట పని అయ్యాక ఆరుగురు సిబ్బందినీ కూర్చోబెట్టి, టీ పోయించి, అందరినీ ఒకటే అడిగేవారు. "ఇది మీ సొంత కొట్టయితే ఏం చేస్తారు?" ఒకసారి క్యాషియరు గారు "తాళం వేసుకుని ఇంటికెళ్తానండీ" అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మేనేజరు గారే. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ శనివారానికి ఇంకోటి ఆలోచించుకు రండి" అన్నారు. నేను మూడు నెలలు నోరు విప్పలేదు. నాకు కొట్టు లేదు, నాకు జీతం ఉంది, అంతకు మించి ఆలోచించడానికి నాకేం పట్టింది అనుకునేదాన్ని.

సాయంత్రం తిరుగు బస్సు ఎప్పుడూ ఆలస్యమే. బస్సు ఆగేచోట లారీల వాళ్ళ పాకల పక్కన ఒకామె గోతాలు కుట్టేది. మా ప్రాంతంలో గోనెసంచిని గోతాం అంటాం. ఆ ఊరి సాయిబుల ఇంటి కోడలు, నలభై లోపు మనిషి. భర్త లారీల మీద బస్తాలెత్తి ఎత్తి నడుం పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఈమె చిరిగిన గోతాలు కొని, దబ్బనంతో పురికొస లాగి కుట్టి, మిరప రైతులకి అమ్మేది. నేను రోజూ ఆమె గోతాల గుట్ట మీద కూర్చుని బస్సు కోసం చూసేదాన్ని. కూర్చోమని చెప్పింది ఆమే. మొదటి రోజు తన పైట కొంగుతో గుట్ట దులిపి మరీ చెప్పింది.

ఆమె మాటల్లోనే నాకా వ్యాపారం తెలిసింది. ఎండాకాలంలో గుంటూరు కారం మిల్లుల దగ్గర మిరపకాయలు తీసేసిన ఖాళీ గోతాలు గుట్టలుగా పడి ఉంటాయి. అప్పుడవి కారుచౌక. మళ్ళీ మాఘమాసం నాటికి మిరప కోతలు మొదలైతే అదే గోతానికి మూడింతలు పెట్టాలి. ఎండాకాలంలో కొనడానికి ఆమె చేతిలో డబ్బుండదు. కోతలప్పుడు కొంటే ఆమెకి మిగిలేది వేళ్ళ మీద కాసిన కాయలే.

"ఒక్క ఎండాకాలం, ఒక్క లారీడు గోతాలు కొనగలిగితే చాలమ్మా. పది మందికి నేనే పనిస్తా. చేలోంచి కల్లానికి మోసుకునేవి అద్దెకిస్తా, మిర్చి యార్డుకి పోయేవి అమ్ముతా" అందామె ఒకరోజు, దారం పంటితో కొరుకుతూ.

"మా బ్యాంకుకి రావచ్చుగా" అన్నాను, మాటవరసకి.

"మాకెందుకిస్తారమ్మా. మాకు పొలం లేదుగా." అందులో నిష్ఠూరమేమీ లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

ఆ శనివారం నేను నోరు విప్పాను. చెప్తున్నంతసేపూ గొంతు వణికింది. మేనేజరు గారు టీ గ్లాసు కింద పెట్టేసి విన్నారు. అంతకుముందెప్పుడూ ఎవరూ నా మాట అలా వినలేదు. మా ఇంట్లో కూడా.

"మీ ఆలోచనేనా?" అన్నారు.

"ఆమెదేనండీ. నేను విన్నానంతే."

"ఆ వినేవాళ్ళు లేకేనండీ మన బ్రాంచి ఇట్లా ఉంది. రాయండి, అప్పు కాగితాలు మీరే రాయండి" అన్నారు.

రాశాను. అంతకు ముందు బ్యాంకులో నేను రాసినవన్నీ ఎవరో ఇచ్చిన అంకెలు. ఇది నేను రాసింది. గోతాం ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని చిరుగులదాకా కుట్టొచ్చు, ఎంతమంది రైతులున్నారు, ఒక్కో ఎకరానికి ఎన్ని గోతాలు పడతాయి, అన్నీ ఊరంతా తిరిగి కనుక్కున్నాను. ఎనిమిదింటికి దిగే ఆ దిక్కుమాలిన బస్సు నాకు అప్పుడు పనికొచ్చింది. పది గంటలదాకా కల్లాల వెంట తిరిగేదాన్ని. చీర అంచుకి నల్లరేగడి అంటుకుని, చెప్పు తెగి, మిరప మొక్కల మధ్య నిలబడి ఒక ముసలాయనతో వాదించిన ఆ పొద్దున నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఆ తర్వాత ఏ పొద్దున్నా లేను. ఇది పెద్దయ్యాక వచ్చిన చాదస్తం కాదు, అప్పుడే తెలుసు నాకు.

రీజనల్ ఆఫీసు కాగితాలు తిప్పి పంపింది. ఆమె ఆదాయం మిరప కోతలప్పుడు గానీ మొదలవదు, వాయిదాలు మాత్రం డిసెంబరు నుంచే కట్టాలి, మధ్యలో ఏం కడుతుంది అని ఎర్రసిరాతో రాశారు. నాకు రోషం వచ్చింది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు బస్సు కిటికీలోంచి చూస్తుంటే దారి పొడవునా పత్తి చేలు కనపడ్డాయి. పత్తి తీతలు నవంబరులో మొదలవుతాయి. పత్తిని రైతులు పాత దుప్పట్లలో, చిరిగిన చీరల్లో మూటలు కట్టి తెచ్చేవాళ్ళు. గోతాలు అద్దెకి దొరికితే ఎందుకు తీసుకోరు? మిరప వచ్చేలోపు అవే గోతాలు పత్తికి తిరుగుతాయి. వాయిదా డబ్బు దానంతటదే వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. వందేళ్ళుగా పత్తి పండిస్తున్నవాళ్ళు దుప్పట్లలోనే ఎందుకు తెస్తున్నారో అడగాలని మాత్రం నాకు తోచలేదు.

ఆమెకి చెప్పాను. దబ్బనం ఆగింది.

"అవి కారం గోతాలమ్మా. పత్తికి బాగుంటయ్యో లేదో" అంది.

"ఉతికిస్తే పోతుందిలే."

"ఉతికితే కొంత పోద్ది..." అని ఆగి, నా మొహంలోకి చూసి, "మీరు చదువుకున్నోళ్ళు, మీకు తెలీదా. సరేనమ్మా" అంది.

కాగితాలు మళ్ళీ రాసి మేనేజరు గారి ముందు పెట్టాను. ఆయన పత్తి అన్నచోట వేలు పెట్టి, "ఆమెని అడిగారా?" అన్నారు.

"అడిగానండీ. సరేనంది" అన్నాను.

అడిగానన్నది నిజం. సరేనందన్నదీ నిజం. మధ్యలో ఆమె అన్న మాట ఒక్కటి చెప్పలేదు.

ఆయన సంతకం పెట్టారు. పెట్టి, పెన్ను మూత బిగిస్తూ, "దీనికి నేను పూచీ అని రీజనల్ ఆఫీసులో చెప్పానండీ. ఇట్లాంటివి పది ఇస్తాను, ఏడాది ఆగండి, బ్రాంచి లేస్తుందో లేదో చూడండి అన్నాను. సరే, ముందు ఈ ఒక్కటి చూపించు అన్నారు" అన్నారు. ఆయనకి పదోన్నతికి అదే ఆఖరి అవకాశమని క్యాషియరు గారు నాకు తర్వాత చెప్పారు. ఆ అప్పు నిలబడితే బ్రాంచీ నిలబడుతుంది, ఆయనా పైకి వెళ్తారు. నిలబడకపోతే రెండూ పోతాయి.

ఆ ఎండాకాలం లారీడు గోతాలు దిగాయి. ఆమె ఇంటి ముందు పందిరి వేసి పన్నెండు మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టింది. వాళ్ళ వీధి ఆడవాళ్ళు కొందరు, ఊరి చివర పల్లె నుంచి కొందరు. కుట్టినవాటిని కాలువలో ఉతికించి గట్టు మీద ఆరేసేవాళ్ళు. కాలువ నీళ్ళు ఎర్రగా పారేవి. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు, కారం పోతోందనే అనుకున్నాను.

ఆ ఐదారు నెలల్లో మా బ్రాంచి ముఖం మారిపోయింది. కూలి చేతికందగానే ఆ పన్నెండు మందీ పొదుపు ఖాతాలు తెరిచారు. వాళ్ళను చూసి లారీల వాళ్ళు వచ్చారు. పొలం లేనివాళ్ళకి కూడా ఇస్తున్నారట అనే మాట ఊళ్ళో పాకింది. సోడా బండి ఆయన, టైలరు, కోళ్ళ గంపల ఆయన, ఏడున్నర బెంచీల మీద ఒకరి పక్కన ఒకరు కూర్చునేవాళ్ళు. పాత బాకీలున్న రైతులు కూడా తల దించుకుని దాటిపోవడం మానేసి, లోపలికి వచ్చి ఎంతో కొంత కట్టి పోసాగారు. మేనేజరు గారు ఎవరినీ గద్దించలేదు, ఎవరింటికీ జీపు తోలలేదు. మనది కూడా ఒక కొట్టు, గిరాకీ మన దగ్గరికి వస్తోంది, అనేవారు చిన్నపిల్లాడిలా. నేను ఇంటికి వెళ్ళి మా అమ్మకి రోజూ ఈ కబుర్లే చెప్పేదాన్ని. ఆవిడ "నీ బ్యాంకు గోల చాల్లే, అన్నం తిను" అనేది.

నవంబరులో పత్తి మొదలైంది. ఆ ఏడు దేవుడి దయవల్ల పురుగు తక్కువ, పంట ఎక్కువ, ఇళ్ళలో దుప్పట్లు చాల్లేదు. బ్యాంకువాళ్ళు దగ్గరుండి చేయించిన గోతాలు కదా అని రైతులు అద్దెకి తీసుకున్నారు. మొదటి వారం అద్దె డబ్బు చూసి నేను కాలరెగరేసినంత పని చేశాను.

రెండో వారంలో ఒక పొద్దున్న తొమ్మిదింటికి మూడు ట్రాక్టర్లు వచ్చి మా బ్రాంచి ముందు ఆగాయి. నిండా పత్తి. ముందు ట్రాక్టరు దిగిన రైతు ఒక గోతాం లాగి వరండాలో కుమ్మరించాడు. తెల్లటి పత్తి, అందులో ఎర్రటి పొట్టు, పసుప్పచ్చటి మిరపగింజలు, అక్కడక్కడ పుప్పొడిలా కారం. గాలికి లేచింది. బెంచీల మీదివాళ్ళందరూ ఒక్కసారి తుమ్మడం మొదలుపెట్టారు. క్యాషియరు గారు లోపల తుమ్మారు. ఇంకో సందర్భమైతే కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

"ఏవండీ మేనేజరు గారూ, ఇదీ మీ గోతాల సంగతి" అన్నాడు రైతు, ఊరంతా వినేలా. "జిన్నింగు మిల్లులో ఒక్కడు నిలబడట్లా. కళ్ళు మంట, చేతులు మంట. మిషను ఆపేసి మా ట్రాక్టర్లు బయటికి నెట్టారు. ఈ పత్తి ఎవడు కొంటాడిప్పుడు?"

మేనేజరు గారు తుమ్ముతూనే ముందు వాళ్ళందరికీ మంచినీళ్ళు ఇప్పించారు. ఈలోపు ఎవరో చెబితే గోతాలామె పరిగెత్తుకొచ్చింది. కొంగు తల మీద కప్పుకుని వరండా మెట్టు కింద నిలబడింది. నేను కౌంటరు వెనక నిలబడి ఆమె నోటివంక చూస్తున్నాను. నేను ముందే చెప్పాను, ఈ మేడమే వినలేదు అని ఆమె ఒక్క మాట అంటే చాలు.

"తప్పు నాదేనయ్యా" అందామె. "ఉతికించటం సరిగ్గా చూసుకోలా. మీ పత్తి నేను బాగు చేసిస్తా." నావైపు చూడలేదు.

మేనేజరు గారు అప్పటికప్పుడు రైతును వెంటబెట్టుకుని మోటారు సైకిలు మీద మిల్లుకి వెళ్ళారు. శుభ్రం చేసి తెస్తే ధర తగ్గించి తీసుకుంటానని మిల్లాయన ఒప్పుకున్నాడు. ఖాళీగా ఉన్న ఒక పొగాకు ఆరబెట్టే బ్యారను కొట్టంలో పత్తి పోసి, ఆ పన్నెండు మందీ మూడు రోజులు గుప్పెడు గుప్పెడు విడదీసి గింజా పొట్టూ ఏరారు. ఆ మూడు రోజుల కూలీ, మిల్లులో తగ్గిన ధరా కలిపి ఆమె పెట్టుకుంది. మిగిలిన గోతాలు పత్తికి ఇవ్వడం ఆపేసింది. డిసెంబరు వాయిదాకి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆదివారం నాడు నేను కూడా వెళ్ళి ఏరడానికి కూర్చున్నాను. గంటకే వేళ్ళు మంటెత్తి కళ్ళు ఉబ్బాయి. ఆమె ఆముదం తెచ్చి నా చేతులకి రాసింది.

"నువ్వు ముందే చెప్పావు. నేనే వినలేదు" అన్నాను, మిగతావాళ్ళకి వినపడకుండా.

"చెప్పా గానీ గట్టిగా చెప్పలేదమ్మా" అంది ఆమె, నా వేళ్ళు నిమురుతూ. "గట్టిగా చెబితే అప్పు రాదేమోనని భయపడ్డా. ఆ పాపం నాది."

జనవరిలో రీజనల్ ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. వాయిదా తప్పిన ఫైలు ముందేసుకుని మేనేజరు గారి గదిలో కూర్చున్నాడు. ఆ గదికి సగం తలుపే, మాట్లాడేది నా సీటుకి వినపడుతుంది. పదిహేను రోజుల్లో నాకు ఆఫీసరు ఇంటర్వ్యూ ఉంది. రాతపరీక్ష అప్పటికే గట్టెక్కాను.

"పత్తికి అద్దెకివ్వాలన్న ఊహ ఎవరిది? ఈ రాత మీది కాదుగా?" అన్నాడు అధికారి.

"రాత మా స్టాఫ్‌ది. ఊహ నాదండీ. నేను చెప్తే ఆ అమ్మాయి రాసింది" అన్నారు మేనేజరు గారు.

నేను లేచి ఆ తలుపు తోయాలి. పది అడుగులు. నా ముందున్న లెడ్జరులో ఒక వరస అంకెలు కూడాను, మళ్ళీ కూడాను, మూడోసారి కూడాను. మూడుసార్లూ మొత్తం తప్పకుండా ఒకటే వచ్చింది. లోపల కుర్చీలు కదిలాయి, తనిఖీ ముగిసింది. నేను లేవలేదు.

ఇంటర్వ్యూలో నన్ను గ్రామీణ రుణాల గురించి అడిగారు. జాగ్రత్తగా జవాబులు చెప్పాను. ఎంపికయ్యాను. మేనేజరు గారి పదోన్నతి ఆగిపోయింది, కనిగిరి అవతలి ఒక బ్రాంచికి బదిలీ అయింది. వీడ్కోలు రోజు గోతాలామె ఒక పూలదండ తెచ్చి, వెయ్యడానికి సిగ్గుపడి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆయన నాకు శుభాకాంక్షలు చెప్పారు. "మీకు మంచి చెవులున్నాయండీ" అన్నారు. నేను థాంక్స్ అన్నాను.

తర్వాత వచ్చిన మేనేజరు బ్రాంచిని సరిగ్గా పది గంటలకి తెరిచాడు. బెంచీలు గోడ వెనక్కి చేరాయి. పొలం లేనివాళ్ళు మళ్ళీ రావడం మానేశారు. గోతాలామె మాత్రం వచ్చేది. మిరప కోతలు రెండు దాటేసరికి అసలూ వడ్డీ అణా పైసలతో కట్టేసింది. మచ్చ పడ్డ ఆ అప్పు ఆ ఏళ్ళలో పూర్తిగా వసూలైన కొద్దివాటిలో ఒకటి. అప్పటికి ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఇంకో ఏడాదికి మా బ్రాంచిని పక్క ఊరి దాంట్లో కలిపేశారు. నేను అప్పటికే ఆఫీసరుగా పిడుగురాళ్ళలో ఉన్నాను. వార్త విన్నరోజు అన్నం సహించలేదు.

రెండువేల సంవత్సరం దాటి ఇంకో ఆరేడేళ్ళకి నేను ఒంగోలులో మేనేజరునయ్యాను. పేరున్న బ్రాంచి. పొగాకు వ్యాపారులు, గ్రానైటు వాళ్ళు, పెద్ద పెద్ద తనఖాలు. నా హయాంలో మొండి బాకీ ఒక్కటి లేదు. ఎవరైనా కొత్త సంగతి చెప్పబోతే నేను ముందు తనఖా ఏముందని అడిగేదాన్ని. అక్కడితో వాళ్ళ మాట ఆగిపోయేది. పై అధికారులకి నేనంటే గురి.

అలాంటి రోజుల్లో హైదరాబాదులో ఒక శిక్షణ పెట్టారు. ఏసీ గది, తెరమీద బొమ్మలు, టై కట్టుకున్న కుర్రాడు. బ్యాంకరు ఉద్యోగిలా కాదు, వ్యాపారిలా ఆలోచించాలి, అవకాశాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి, పొరపాటుని శిక్షించకూడదు, అప్పుడే బ్యాంకు పెరుగుతుంది అని ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ రాసుకున్నారు. నా పెన్ను కదల్లేదు. నాకు ఆ వరండా, కుండలో నీళ్ళు, శనివారం టీ, నేను మాట్లాడుతుంటే గ్లాసు కింద పెట్టి విన్న మనిషి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ మనిషి కావాలనిపించింది. ఆ మనిషి ముందు నిలబడి గొంతు వణుకుతూ మాట్లాడిన ఆ అమ్మాయి అంతకంటే ఎక్కువ కావాలనిపించింది.

తిరిగి వచ్చాక వాకబు చేస్తే, ఆయన రిటైరై ఒంగోలులోనే, నా బ్రాంచికి నాలుగు వీధుల అవతలే ఉంటున్నారని తెలిసింది. ఏడాదిగా అంత దగ్గర ఉండి నాకు తెలీదు. ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అదే. భార్యను పిలిచి, "చెప్పానే, గోతాల ఆలోచన చేసిన అమ్మాయి, ఈవిడే" అని పరిచయం చేశారు.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. గోతాలామె ముందే అనుమానపడిందని, ఆ మాట దాచానని, తనిఖీ రోజు అన్నీ వింటూ కూర్చున్నానని. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి.

"ఆమె అప్పుడే చెప్పిందండీ నాకు, పత్తి ఏరేటప్పుడు" అన్నారాయన. "మీ మీద ఫిర్యాదుగా కాదు, తన తప్పుగానే చెప్పింది."

"మరి తనిఖీలో మీరెందుకు..."

"నాకు మిగిలింది ఒక్క ప్రమోషనండీ. మీకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది. మొదటిదానికే మీ పేరు మీద మచ్చ పడితే మళ్ళీ జన్మలో నోరు తెరవరు. అట్లాంటివాళ్ళని చాలామందిని చూశా. మీరు తెరవాలి, మీకు తడతాయి. ఈ ముప్పై ఏళ్ళలో ఇంకెన్ని తడతాయో అనుకున్నా. లెక్క చూస్తే నాకు నష్టమేం కనపళ్ళా." అని నవ్వి, తన కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు. "అది వదిలేయండి. ఆ తర్వాత ఏమేం చేశారో చెప్పండి. ఎవరెవరు దొరికారు?"

"నా బ్రాంచిలో మొండి బాకీ ఒక్కటి కూడా లేదండీ" అన్నాను.

"మంచిదేనండీ. ఆ సంగతి కాదు. గోతాలామె తర్వాత ఎవరు?"

ఆయన చేతిలోని కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి నావైపు వంగి కూర్చున్నారు. నేను పిడుగురాళ్ళ తలుచుకున్నాను, మధ్యలో చేసిన రెండు ఊళ్ళూ తలుచుకున్నాను, ఒంగోలు తలుచుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు గుర్తుకు రాలేదు. ఆయన తొందరేం లేదన్నట్టు తలూపి, నేను మొదలుపెట్టడం కోసం చూస్తూ కూర్చున్నారు.